పందిరిలో ఆఖరి వరుస

ఒక పెద్ద అడవిలో ఒక సాఫ్ట్‌వేర్ సంఘం ఉండేది. ఆ సంఘంలో ఒక నక్క ఉండేది. ఆ నక్క నేనే.

ముందే చెప్పేస్తున్నాను. నవ్వాలనుకున్నవాళ్ళు ఇప్పుడే నవ్వేసుకుంటే తర్వాత కథ కుదురుగా వినొచ్చు. కథల్లో నక్కలకు మహా తెలివి ఉంటుందని రాస్తారు. అలా రాసినవాళ్ళెవరూ మా సంఘంలో చేరినట్టు లేదు.

మేం తయారుచేసే సాఫ్ట్‌వేర్ పేరు పందిరి. కంప్యూటరు ఆన్ చెయ్యగానే తెర మీద కనబడే బొమ్మలు, ఫైళ్ళు, అచ్చు తీసే మీట, అన్నీ కలిపి పందిరి. నగరంలో సింహాల కంపెనీ కూడా ఇలాంటిదే అమ్ముతుంది, కానీ లోపల ఏముందో చూడనివ్వదు. మాది ఉచితం. కోడంతా బహిరంగం. ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా మార్చొచ్చు, ఎవరికీ జీతం లేదు. ఈ ఆఖరి సంగతి దగ్గరే మా ఇంట్లో గొడవ.

"ఏవండీ, ఆఫీసుకెళ్తే జీతమిస్తారు. పెళ్ళికెళ్తే భోజనం పెడతారు. పొద్దస్తమానం ఆ పెట్టె ముందు కూర్చుంటే మీకేమిస్తారు?" అని మా ఆవిడ అడిగేది.

"పేరు" అనేవాణ్ణి.

"ఏదీ, ఒక్కసారి చూపించండి."

చూపించడానికి ఏమీ లేదు. పందిరిలో 'మా గురించి' అని ఒక మీట ఉంది. నొక్కితే పనిచేసినవాళ్ళందరి పేర్లు ఒకరి కింద ఒకరివి వస్తాయి. అందులో నా పేరు లేదు. అది ఎక్కాలంటే ముందు కోడులో ఒక్క మార్పైనా చెయ్యాలి, దాన్ని సంఘం ఒప్పుకోవాలి. ఆ తర్వాత తాబేలు తాతగారికి గుర్తుండాలి.

తాబేలు తాతగారంటే పందిరికి మొదటి రాట పాతిన పెద్దమనిషి. ఆయన ఏ ప్రశ్నకైనా ఒకటే జవాబు చెబుతారు, "చూద్దాం" అని. ఆ జవాబు రావడానికే ఒక ఋతువు పడుతుంది.

మార్పుల్ని పరీక్షించేది గుడ్లగూబ మేడం. లోపల పాము దూరినా వదిలేస్తుందేమో గానీ, అంచు వంకరగా ఉంటే మాత్రం వదలదు. ఇక కొండముచ్చు. ఆయన కోడు రాయడం ఎవరూ చూడలేదు. ఆయన లేని చర్చనూ ఎవరూ చూడలేదు.

జీతాలు లేనిచోట ఎవరి పని ఎవరిదని తేల్చడం ఎలా? అందుకు మా సంఘంలో ఒక ఆచారం ఉంది. దాన్ని 'ఆఖరి చెయ్యి' అంటారు. ఏ విభాగాన్ని ఎవరు చివరగా ముట్టుకున్నారో, ఆ విభాగం ఇక వాళ్ళదే. దాని మీద వచ్చే ఫిర్యాదులన్నిటికీ వాళ్ళే జవాబు చెప్పాలి, ఇంకొకరు ముట్టుకునేదాకా.

ఈ ఆచారం వల్ల పందిరి చాలా నిలకడగా ఉండేది. ఎవరూ దేన్నీ ముట్టుకునేవారు కాదు.

అన్నిటికన్నా ప్రశాంతమైనది అచ్చు విభాగం. ప్రింటరుతో మాట్లాడే కోడన్నమాట. దాన్ని రాసింది ఒక అలుగు, ఒంటినిండా పొలుసులుండి చీమల్ని తిని బతికే జీవి. ఒకనాడు ఎవరో వచ్చి "కాగితానికి రెండువైపులా అచ్చు పడేలా చెయ్యకూడదూ?" అని అడిగారట. అలుగు వెంటనే బంతిలా ముడుచుకుపోయింది. అప్పటినుంచి సంఘం ఆఫీసు గడప పక్కన అలాగే ఉంది. లోపలికి వెళ్ళేవాళ్ళు చెప్పులు దాని పక్కన విడిచి వెళ్ళేవారు.

పేరు సంపాదించడానికి సులువైన చోటు కోసం వెతుకుతున్న నాకు ఈ విభాగం కంటబడింది. అస్సలు రద్దీ లేదు. ఎందుకు లేదో అడగాలని తట్టలేదు. కోడులో ఒకచోట అనవసరంగా ఒక ఖాళీ వరుస ఉంది. ఉన్నా లేకపోయినా ఏ తేడా రాదు. దాన్ని తీసేసి పంపాను.

"ఖాళీ వరుస ఎందుకు తీశారు?" అని గుడ్లగూబ మేడం అడిగింది.

"అందులో ఏమీ లేదు కదండీ."

"ఏమీ లేనిది ఉంటే మీకేం ఇబ్బంది?"

ఇలా ఆవిడా నేనూ చాలా రోజులు వేదాంతం మాట్లాడుకున్నాం. చివరికి ఆవిడే విసిగి ఒప్పుకుంది.

మర్నాడు సంఘం గ్రూపులో అభినందనల వాన కురిసింది. "బ్రదర్, నువ్వు సామాన్యుడివి కావు!" అన్నాడు కొండముచ్చు. నేను తోక ఊపుకుంటూ ఆఫీసుకు వెళ్ళాను. గడప దగ్గర అలుగు మెల్లగా విప్పుకుంది. తల బయటపెట్టి నన్ను ఎగాదిగా చూసింది.

"ముట్టుకున్నది నువ్వేనా, నాయనా?"

"నేనేనండీ!" అన్నాను గర్వంగా.

అలుగు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నా కాలు ఒకసారి తట్టి, చీమల పుట్ట వైపు హుషారుగా నడుచుకుంటూ వెళ్ళిపోయింది. నా అభివృద్ధి చూసి మురిసిపోయిందనుకున్నాను.

ఫిర్యాదులు మొదలయ్యాయి.

"నా ఈకలు నలుపూ తెలుపుల్లో వస్తున్నాయి" అంది నెమలి. ఆవిడ ప్రింటరులో ఉన్నది నల్ల సిరా ఒక్కటే. "నా ఫొటో కాగితంలో పట్టడం లేదు" అంది ఏనుగు. అందరికీ నేను ఒకటే జవాబు రాసేవాణ్ణి, "నా దగ్గర బాగానే పనిచేస్తోంది" అని. మా వృత్తిలో అది చాలా గౌరవప్రదమైన జవాబు. అసలు సంగతి మీకు చెప్పుకుంటే తప్పు లేదు. నా దగ్గర ప్రింటరు లేదు.

అలా కాలం గడిచిపోయేదే. ఒకరోజు దుప్పి టీచరమ్మ స్వయంగా మా బొరియ దగ్గరికి వచ్చింది.

ఆవిడది ఏటి ఒడ్డున బడి. వానాకాలం వస్తే ఏరు పొంగుతుంది, బడి మూతపడుతుంది, పిల్లలు తలో గుట్ట మీదా చిక్కుకుపోతారు. అందుకని వానలకు ముందే ఒక్కొక్క పిల్లకూ ఒక పాఠాల కట్ట అచ్చుతీసి ఇస్తుంది. బడిలో ఉన్నది పాత కంప్యూటరు. దాని మీద ఉన్నది మా పందిరి.

"మీకు శ్రమ ఇస్తున్నానేమో, నక్కగారూ. అచ్చు తీస్తే ప్రతి పేజీలోనూ ఆఖరి వరుస రావడం లేదండీ" అంది టీచరమ్మ.

"ఒక్క వరుసేనా?" అన్నాను. ఒక్క వరుసే కదా అనిపించింది.

"ఒక్కటేనండీ. లెక్కల పేజీలో ఆఖరి లెక్క పోతే పిల్లలకు సంతోషమే. కథల పేజీలో నీతి పోతే ఎవరికి తోచింది వాళ్ళు రాసుకుంటున్నారు. వరద జాగ్రత్తల పేజీ ఒకటుంది, దాంతోనే భయం. అందులో ఆఖరి వరుస 'పెద్దలు చెప్పేదాకా గుట్ట దిగొద్దు' అని. పోయినేడు ఆ వరుస లేదు. ఎండ కాసింది కదా అని మా జింకపిల్ల చిట్టెమ్మ దిగింది. కొమ్మకు చిక్కుకోబట్టి దక్కింది గానీ..."

మా ఆవిడ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, నా వైపు చూసింది.

"వానల్లోపు చేసిపెడతాను" అన్నాను. నిజంగానే అన్నాను.

ఆవిడ వెళ్ళాక కోడు తెరిచాను. లోపలికి వెళ్ళేకొద్దీ చీకటి. మధ్యలో అలుగు ఒక హెచ్చరిక రాసిపెట్టింది: 'ఇక్కడ ఏదీ కదపొద్దు. ఎందుకో నాకూ తెలియదు.' అలుగును వెతుక్కుంటూ చీమల పుట్ట దగ్గరికి పరిగెత్తాను. "బాబాయ్, ఆ ఆఖరి వరుస..." అన్నానో లేదో, మళ్ళీ బంతి అయిపోయింది.

దీన్ని బాగుచెయ్యడం నావల్ల కాదు. కాదని టీచరమ్మకు చెప్పడానికి నోరు రాదు. మరి ఏం చెయ్యాలి? అప్పుడు మా వంశపు తెలివి నిద్రలేచింది. బాగుచెయ్యడం ఎందుకు? ఇంకొకరి చేత ముట్టిస్తే చాలు కదా. విభాగం వాళ్ళదైపోతుంది, నేనిచ్చిన మాటా వాళ్ళదే అవుతుంది.

నేను తీసేసిన ఖాళీ వరుసను నేనే గుట్టుగా మళ్ళీ పెట్టాను. దాని మీద ఒక ప్రకటన వేశాను: 'కొత్తవారికి చాలా సులువైన పని. ఒక్క ఖాళీ వరుస తొలగించాలి. కీర్తి ఖాయం.'

ఎర వేసిన కాసేపటికే ఎలుగుబంటి జాంబయ్య వచ్చాడు. తేనె తీసే పని నుంచి రిటైరై ఇంట్లో కాలక్షేపం కాక తిరుగుతున్న మంచివాడు.

"ఏరా అబ్బాయ్, నాలాంటి ముసలాడు కూడా చెయ్యొచ్చా?"

"మీలాంటివాళ్ళ కోసమే పెట్టాను, బాబాయ్!"

పాపం, కీబోర్డు మీద ఆయన పంజా పడితే అయిదారు మీటలు ఒకేసారి నొక్కుకుపోతాయి. అయినా పట్టుబట్టి, గోటి కొనతో నొక్కి, ఆ వరుస తీశాడు. అచ్చు విభాగం ఆయనదైంది. ఆ రోజు నేను కడుపునిండా భోంచేశాను. అదృష్టం పట్టినవాళ్ళను నక్క తోక తొక్కావా అని అడుగుతారు. నా తోక ఎప్పుడూ నా వెనకే ఉంటుంది కాబట్టి నాకు ఆ యోగం లేదనుకునేవాణ్ణి. ఇన్నాళ్ళకు పట్టిందనుకున్నాను.

మర్నాడు కొండముచ్చు గ్రూపులో ఒక ప్రశ్న వేశాడు. "ఆ ఖాళీ వరుసను ఎవరినడిగి తీశారు? కోడుకు ఊపిరాడొద్దా?"

అంతే. అడవి రెండు వర్గాలైంది. ఖాళీ వరుస ఉండాలనేవాళ్ళు ఒకవైపు, ఉండకూడదనేవాళ్ళు ఒకవైపు. అచ్చు విభాగం ఎక్కడుందో తెలియని కుందేళ్ళు కూడా నినాదాలు ఇచ్చాయి. కొండముచ్చు ఆవేశపడి వరుసను తిరిగి పెట్టేశాడు. పెట్టాక ఆఖరి చెయ్యి తనదైందని గుర్తొచ్చి, అడవిపందిని రెచ్చగొట్టి తీయించాడు. అడవిపంది తెలివి తెచ్చుకుని నెమలిని పొగిడి పెట్టించింది. వరుస వస్తోంది, పోతోంది. పిల్లలు వేడి రాయిని చేతులు మార్చుకున్నట్టు ఉంది మా వ్యవహారం.

పాపం జాంబయ్య మధ్యలో ఒక్కసారి అడిగాడు. "అది సరేగానీ, టీచరమ్మ ఆఖరి వరుస సంగతేంటి?"

"అది వేరే అంశం, బాబాయ్. దానికి వేరే చర్చ పెట్టండి" అన్నాడు కొండముచ్చు.

ఆకాశంలో మబ్బులు పట్టేవేళకు వ్యవహారం వోటింగుదాకా వచ్చింది. గుడ్లగూబ మేడం తీర్మానం చదివింది: "అచ్చు విభాగంలో ఎక్కడా, ఏ రూపంలోనూ, ఖాళీ వరుస ఉండరాదు." ఆ 'ఏ రూపంలోనూ' అనేది మళ్ళీ గొడవ రాకుండా నేను చెప్పి చేర్పించిన మాట. నా తెలివిని నేనే మెచ్చుకున్నాను. తీర్మానం నెగ్గింది.

"మరి అమలు చేసేదెవరు?" అన్నారెవరో.

"మొదట ఆ పని ఉందని ప్రకటించినవారే చెయ్యాలి. అది నియమం" అంది మేడం.

అందరూ నా వైపు తిరిగారు. నేను వెళ్ళి ఆ వరుస తీశాను. ఆఖరి చెయ్యి నాదే. ఇక దాన్ని తిరిగిపెట్టే వీలు కూడా లేకుండా తీర్మానం నేనే చేయించాను కదా. దూరంగా పుట్ట దగ్గర అలుగు నాకేసి చూసి, జాలిగా తలూపి, చీమల పనిలో పడింది.

ఇంటికొస్తే మా ఆవిడ ఒకటే మాట అంది. "ఏట్లో నీళ్ళు ఎర్రబడ్డాయండీ." కొత్తనీరు దిగుతోందన్నమాట. నేను అన్నం తినలేదు. బయల్దేరి ఏటి ఒడ్డు బడికి వెళ్ళాను.

టీచరమ్మ నన్ను చూసి ఎంత సంబరపడిందో చెప్పలేను. "వస్తారని నాకు తెలుసండీ" అంది. పిల్లలందరి చేతా నమస్కారం పెట్టించింది. నాకు ఎక్కడైనా బొరియ తవ్వుకుని దూరిపోవాలనిపించింది. ఇన్నాళ్ళూ పందిరి వాడేవాళ్ళను మేం 'వాడుకదార్లు' అనేవాళ్ళం. వాళ్ళకు ముఖాలుంటాయని నేనెప్పుడూ అనుకోలేదు. ఒక మూల జింకపిల్ల చిట్టెమ్మ కూర్చుని ఉంది. నా దగ్గరికి లేచి వచ్చింది, కాలు ఇంకా కొంచెం కుంటుతోంది.

జీవితంలో మొదటిసారి ప్రింటరును దగ్గర్నుంచి చూశాను. కాగితం పెట్టాను, మీట నొక్కాను. పేజీ వచ్చింది, ఆఖరి వరుస రాలేదు. కోడులో ఒకటి మార్చి చూశాను. అసలు పేజీయే రాలేదు. వెనక్కి మార్చాను. ఇంకోటి కదిపాను. ప్రింటరు కాగితాన్ని నమిలేసింది. టీచరమ్మ ప్రతిసారీ "ఫరవాలేదండీ" అంటోంది. ఆ మాట వింటుంటే తిట్టినా బాగుండేదనిపించింది.

చివరికి ఓపిక పోయి, అటు తిరిగి కూలబడ్డాను. నా తోక కీబోర్డు మీద పడింది. పేజీ చివర ఒక ఖాళీ వరుస చేరింది, అచ్చు మీటా నొక్కుకుపోయింది. ప్రింటరు మూలిగి ఒక కాగితం తోసింది.

చిట్టెమ్మ దాన్ని తీసి పైకి చదివింది. "పెద్దలు చెప్పేదాకా గుట్ట దిగొద్దు."

నాకు అర్థమైంది. పందిరి ప్రతి పేజీలోనూ ఆఖరి వరుస మింగుతుంది. ఎందుకో అలుగుకే తెలియదు, నాకేం తెలుస్తుంది? కానీ మింగడానికి దానికొక ఖాళీ వరుస పెడితే పాఠం జోలికి రాదు. నా తోకను నేనే తొక్కినట్టయింది.

వెంటనే ఆ మార్పు కోడులో రాసి, అక్కణ్ణుంచే సంఘానికి పంపాను: అచ్చుకు ముందు ప్రతి పేజీ చివరా పందిరే ఒక ఖాళీ వరుస చేర్చాలి. గుడ్లగూబ మేడం ఎన్నడూ లేనంత త్వరగా జవాబిచ్చింది.

"తిరస్కరించడమైనది. అచ్చు విభాగంలో ఏ రూపంలోనూ ఖాళీ వరుస ఉండరాదని తీర్మానం ఉంది. ఆ మాట చేర్పించినది తమరే."

ఏరు బడి మెట్టుదాకా వచ్చింది. ఇక వాదించే వేళ కాదు. టీచరమ్మ పాఠాలు ఒక్కొక్కటీ తెరిచి, ప్రతి పేజీ చివరా చేత్తో ఒక ఖాళీ వరుస చేర్చుకుంటూ కూర్చున్నాను. కాసేపటికి తలుపు దగ్గర పెద్ద నీడ పడింది. జాంబయ్య తడుస్తూ వచ్చాడు.

"ఒరే అబ్బాయ్, ఖాళీ వరుసల పని నాక్కొంచెం అలవాటైంది. జరుగు" అన్నాడు.

ఆయనకు ఎర వేసింది నేనని చెప్పేద్దామనుకున్నాను. చెప్పబోతే "తెలుసులేరా, పని చూడు" అన్నాడు. ఇద్దరం వంతులవారీగా నొక్కాం. టీచరమ్మ అచ్చుతీసి, కట్టలు కట్టి, అడ్డాకుల్లో చుట్టింది. చిట్టచివరి పిల్ల కట్ట తీసుకుని గుట్టెక్కాక ఏరు గడప దాటింది. కంప్యూటరును జాంబయ్య నెత్తిన పెట్టుకుని మోశాడు.

ఆ ఏడు పిల్లలెవరూ తొందరపడి దిగలేదు. ఎండ కాసినప్పుడు కూడా కట్ట తెరిచి, ఆఖరి వరుస చదువుకుని, గుట్ట మీదే ఆడుకున్నారట. ఆ మాట టీచరమ్మ చెప్పినప్పుడు నాకు ఏడుపొచ్చింది. పందిరిలో ఇన్నాళ్ళకు నేను చేసిన పని అదొక్కటే. అది కూడా కోడు కాదు.

వానలు వెలిశాక తాబేలు తాతగారి దగ్గర్నుంచి కబురొచ్చింది. "చూశాం" అని. 'మా గురించి' మీట నొక్కాను. పేర్ల అడుగున నా పేరు! జాంబయ్య పేరు నాకన్నా ముందే ఎక్కింది. ఆయన తాతగారిని కలిసి ఒక నమస్కారం పెట్టి వచ్చాడట, నాకు తట్టలేదు.

ఆ పట్టీని అచ్చుతీసి ఇంట్లో గోడకు పెట్టాలని బడికి పరిగెత్తాను. మీట నొక్కాను. కాగితం రాగానే మడతపెట్టి, గాలిలో తేలుతూ ఇంటికొచ్చి మా ఆవిడ చేతిలో పెట్టాను.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కిందిదాకా చదివింది. "జాంబయ్యగారి పేరుందే! పాపం, మంచాయన. మరి మీదేదండీ?"

"ఆయన కింద."

"ఆయన కింద కాగితం అయిపోయింది కదండీ."

తీసుకుని చూశాను. నిజమే. ఆ పట్టీ పందిరి తనంతట తానే తయారుచేసేది, దాని చివర చేత్తో ఖాళీ వరుస చేర్చడానికి వీల్లేదు. కోడులో చేరుద్దామంటే తీర్మానం ఉంది. కొత్తగా ఎవరైనా సంఘంలో చేరి, వాళ్ళ పేరు నా పేరు కిందికి వస్తే తప్ప నాది ఎన్నటికీ అచ్చుకాదు.

అందుకే ఈ కథ ఇంత ఓపికగా మీకు చెప్పాను. మా సంఘంలో చేరండి. మీలాంటివాళ్ళ కోసమే చాలా సులువైన పని ఒకటి ఉంది. ఒకే ఒక్కసారి ముట్టుకుంటే చాలు.

నీతి: ఊరికే సేవ చేసేవాడు తన పేరు కోసం పాకులాడడు, తన పేరు కింద ఇంకొకడి పేరు ఉంటే చాలనుకుంటాడు.